గురువుగారి చిన్నముక్క

జూన్ 14, శనివారం

గ్రీజు కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఏ బండికి ఏ పని చేశానో రాసుకుందామని మొదలుపెట్టి రెండో వారానికే వదిలేశాను. ఇవాళ మళ్లీ తీశాను. మంచి జరిగిన రోజు కూడా ఒకటి రాసి ఉండాలి కదా.

జగన్నాధం బావ కారుకి రెండోసారి బిగించిన టర్బో కుదిరింది.

మొదటిసారి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ధనలక్ష్మి అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను గానీ, ఇంకొకడైతే స్పానరు విసిరేవాణ్ణి. ఆయన కారు పాత డీజిలు బండి. రెండున్నర లీటర్ల ఇంజిను, పుట్టుకతో టర్బో లేనిది. రోజూ పొద్దున్న సాలూరులో ఐదుగురు టీచరమ్మల్ని ఎక్కించుకుని, కోనవలస ఘాటెక్కి, కొండమీద బడి దగ్గర దింపాలి. ఘాటులో నత్తలా పాకుతోంది, ఏదైనా చెయ్యమన్నాడు. ఏప్రిల్లో లారీ టర్బో ఒకటి తెచ్చి బిగించాను. ఘాటు కదా, గాలి ఎంత ఎక్కువ తోస్తే అంత మంచిదనుకున్నాను. ఇంజిను వదిలే పొగ తగిలితేనే గదా టర్బోలో చక్రం తిరిగేది, అది తిరిగితేనే గదా గాలి లోపలికి తోసేది. లారీ చక్రాన్ని లేపడానికి ఆ చిన్న ఇంజిను పొగ చాలలేదు. మూడో మలుపులో రేజు తొక్కితే బండి ఆలోచించుకుంటూ నిలబడి, వెనక్కి జారిందట. వెనక సిమెంటు లారీ ఉంది.

ఆ మాట బావ నాతో విడిగా అనలేదు. మా చిన్నాన్న మనవడి అన్నప్రాశనలో, బంతి సాగుతుండగా, అరవైమంది వింటుండగా అన్నాడు.

"ఈడు లారీ మేస్త్రీ. కార్ల సంగతి ఈడికేటి తెలుసు? మేక మెడకి ఏనుగు గంట కట్టీసినాడు."

అందరూ నవ్వారు. నా భార్య భాగ్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

అందుకే ఈసారి సొంత తెలివి వాడలేదు. గురువుగారి ముక్కలు తీశాను. నారాయణమూర్తి మేస్త్రి సాలూరు షెడ్డులో ముప్పై ఏళ్లు వాడి, పోయేముందు నా చేతిలో పెట్టినవి. మా బొబ్బిలి వీణలవాళ్ల దగ్గరే పనసచెక్కతో చేయించారట. గుండ్రంగా మూడు ముక్కలు: పెద్దది, నడిపిది, చిన్నది. ఇంజిను ఇన్ని లీటర్లయితే ఈ ముక్క. ఆ ముక్క టర్బో మూతిలో బిర్రుగా దిగితే అదే సైజు. కాగితం లేదు, లెక్క లేదు. సాలూరు లారీలు ఆ మూడు ముక్కల మీదే కొండలెక్కాయి. రెండున్నర లీటర్లంటే చిన్నముక్క. అది దిగే టర్బో పాత సామాన్ల కొట్లో దొరికింది, చిన్న గూడ్సు బండిది. బిగించి, పంపు స్క్రూ కొంచెం తిప్పి డీజిలు కూడా పెంచాను.

బావ రామభద్రపురం దాకా నడిపి వెనక్కొచ్చాడు. దిగుతూనే నన్ను కావలించుకున్నాడు.

"ఒరే ఉమాపతీ, కాలెట్టగానే ఎగురుతన్నాది రా! నువ్వు మేస్త్రివి. నానే నోరు జారాను."

ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 16, సోమవారం

బావ ఫోను. ఘాటులో లారీలన్నీ వెనకబడిపోయాయట. టీచరమ్మలు బడికి పావుగంట ముందే చేరారట. అన్నప్రాశనకి వచ్చినవాళ్లందరికీ పేరుపేరునా ఫోన్లు చేసి చెబుతున్నాడట.

"పై స్పీడులో సన్నగా ఈలేస్తన్నాది రా. ఇనడానికి బాగున్నాది."

టర్బో అన్నాక ఈల వేస్తుంది.

జూన్ 20, శుక్రవారం

మా అమ్మాయి ఝాన్సీ వచ్చింది. విజయనగరంలో డిప్లొమా చదువుతోంది, మెకానికలు, రెండో ఏడు. షెడ్డులో బల్లమీద గురువుగారి ముక్కలు చూసి ఇవేమిటంది. గొప్పగా చెప్పాను. అంతా విని, చిన్నముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, ఇది లీటర్లే సూస్తాది. మరి స్పీడో?"

"ఏ స్పీడు?"

"ఇంజిను నిమిషానికి ఎన్ని సుట్లు తిరుగుతాది? లారీ అయితే?"

"రెండువేలు. మహా అయితే రెండువేల రెండొందలు."

"మావయ్య కారు?"

ఆ జవాబు నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ రెండూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టుకోలేదు.

"నాలుగువేలు దాటుతాది," అన్నాను.

క్యాలెండరు వెనక రాసి చూపించింది. ఒకే కడుపు, కానీ రెండింతలు ఊపిరి. గాలి దాదాపు రెట్టింపు కావాలి. ఫోనులో ఆ టర్బో తాలూకు పటం వెతికి తీసింది, కొండని పైనుంచి చూసి గీసినట్టు గీతలు. ఇంత ఇంజినుకి, ఇంత స్పీడుకి ఎక్కడ పడుతుందో లెక్కకట్టి వేలు పెట్టింది. వేలు గీతలన్నీ దాటి తెల్లకాగితం మీద ఆగింది.

"మావయ్య బండి ఈ పటంలోనే నేదు నాన్నా. అంత గాలి ఈ బుల్లి చక్రం తొయ్యలేదు. తొయ్యమని ఒత్తితే పిచ్చెక్కినట్టు తిరుగుతాది. ఇరుసు అరుగుతాది. తరవాత ఆయిలు సీలు పోతాది."

దానికి తెలిసింది అంతవరకే. ఆ తరవాతది నాకు తెలుసు. సాలూరు షెడ్డులో ఒక్కసారి చూశాను, నాకు ఇరవై ఏళ్లప్పుడు. సీలు పోయిన టర్బోలోంచి ఆయిలు ఇంజినులోకి పోయింది. డీజిలు ఇంజినుకి అదీ తిండే. తన ఆయిలు తానే తాగుతూ అరుస్తూ పోయింది. తాళం తిప్పినా ఆగలేదు. గురువుగారు "పరిగెత్తండర్రా" అని మమ్మల్నందర్నీ రోడ్డుమీదకి తరిమారు. ఇంజిను పగిలి ఒక ముక్క రేకు చీల్చుకుని పైకి పోయింది. అది ఖాళీ బండి. చదునైన నేల.

"మావయ్యకి సెప్పీ నాన్నా."

"సెప్తాను."

జూన్ 21, శనివారం

చెప్పలేదు.

ఆ పటం ఎవరో చలిదేశంలో గదిలో కూర్చుని గీసింది. గురువుగారి ముక్కలు మన ఘాటుమీద నిగ్గు తేలినవి. పిల్ల చదువుతున్నది రెండో ఏడు. అదీగాక బావ స్పీడుగా నడిపేవాడు కాదు, ఘాటులో నలభైకి మించడు.

ఘాటులో రెండో గేరు. రెండో గేరులో నలభై అంటే ఇంజిను ఎంత తిరుగుతుందో నాకు తెలుసు. తెలియనట్టు రాస్తున్నాను.

జూన్ 23, సోమవారం

ఆరున్నరకి సాలూరులో బయలుదేరతాడు. ఏడుంబావుకి ఘాటు మొదలు. ఎనిమిదికి కొండమీద. పైన సిగ్నల్ లేదు. పదింటికి మళ్లీ సాలూరు దిగాక ఫోను పలుకుతుంది. అంటే ఏడుంబావునుంచి పదింటిదాకా ఏం జరిగినా నాకు తెలియదు.

ఒక పంపు విప్పి ముందేసుకుని ఏ నట్టు దేనిదో మర్చిపోయాను. పదీ ఐదుకి ఫోను చేశాను. మోగింది. ఎత్తాడు.

"ఏటి రా?"

"ఏం లేదు బావా. అక్క బాగున్నాదా?"

జూన్ 24, మంగళవారం

ఇవాళ ఫోనులో ధైర్యం చేశాను. బండి ఒకసారి తెమ్మన్నాను. ఎందుకన్నాడు. ఆయిలు మార్చాలన్నాను. మొన్ననే మార్చావు కదా అన్నాడు. కొత్త టర్బో కదా, ఇంకోసారి మారుస్తే మంచిదన్నాను. బడులు తెరిచిన కొత్త, ఒక్కరోజు కూడా కుదరదన్నాడు. "సెలవుల్లో సూద్దాం రా." ఏ సెలవులో అడగలేదు. పెట్టేశాడు.

నేను అడిగాను. ఆయనే తేలేదు.

జూన్ 25, బుధవారం

పదీ రెండు. ఎత్తాడు.

జూన్ 26, గురువారం

క్లచ్ ప్లేట్లకి వచ్చిన ఒక డ్రైవరు బల్లమీద కూర్చుని, ఘాటులో ఏదో బండి లోయలో పడిందట అన్నాడు. చేతిలో సుత్తి కిందపడింది. "ఎప్పుడు? ఏ బండి? ఏ రంగు?" అని మీదపడి అడిగాను. పోయినేడు సంగతి, అరటిగెలల వ్యాను. వాడు నావంక వింతగా చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది నేను.

సాయంత్రం భాగ్యవతి అడిగింది.

"ఏటండీ, అన్నం అలగ కెలుకుతన్నారు? ఒంట్లో బాగోనేదా?"

"అరగట్లేదు."

వాము తెచ్చి ఇచ్చింది. నమిలాను.

ఒక్క ఫోను చేసి ఒక్క మాట చెబితే అయిపోతుంది. "బావా, సైజు తప్పు పెట్టాను, బండి తియ్యకు." ఇంతే. షెడ్డులో ఎవరూ లేనప్పుడు పైకే అని చూశాను. బాగానే వచ్చింది. ఫోను చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆ బంతి, ఆ విస్తళ్లు, ఆ అరవైమంది కనబడతారు. ఒకసారి పెద్దది పెట్టాడు, ఒకసారి చిన్నది పెట్టాడు, వీడూ ఒక మేస్త్రేనా అంటారు. నేను ఇంకేం పనికొస్తాను? చదువు లేదు, పొలం లేదు. ఈ చేతికి పని తెలుసన్న పేరొక్కటే ఉంది.

ఐదుగురు టీచరమ్మలు. బావ. ఆరుగురు.

జూన్ 29, ఆదివారం

సాలూరు వెళ్లాను, చెప్పేద్దామని. బస్సులో మూడుసార్లు మాట సరిచూసుకున్నాను.

అక్క గడపలోనే అంది, "మీ బావ ఈమజ్జిన నీ పేరు సెప్పుకునే అన్నం తింటన్నాడు రా." లోపల బావతోపాటు ఎదురింటాయన కూర్చుని ఉన్నాడు. "ఇదిగో, మా బావమరిది. నా బండికి పేణం పోసినోడు," అన్నాడు బావ. ఆయనకి కూడా ఏదో పాత కారుందట, నాకు చూపిస్తానన్నాడు. నేను నవ్వాను. నవ్విన తరవాత ఇంక చెప్పడం ఎలా?

బావ స్నానానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి పంపు స్క్రూ ముప్పావు చుట్టు వెనక్కి తిప్పేశాను. డీజిలు తగ్గితే పొగ తగ్గుతుంది, పొగ తగ్గితే చక్రం నెమ్మదిస్తుంది. దొంగలా దించి, చేతులు పంచెకి తుడుచుకుని వచ్చి కూర్చుంటే అక్క చేపల పులుసు వడ్డించింది. చాలా రోజులకి ఆకలేసింది. రెండుసార్లు పెట్టించుకున్నాను.

అయిపోయింది. ఇంక భయం లేదు.

జూన్ 30, సోమవారం

భయం లేదు. అయినా పదింటికి చేశాను. ఎత్తాడు. బండి కొంచెం నీరసంగా ఉందన్నాడు. డీజిలు కల్తీ అయి ఉంటుందన్నాను.

జూలై 1, మంగళవారం

బావే ఫోను చేశాడు, హుషారుగా.

"నీ దగ్గరకి రావడానికి టైము నేదని ఇక్కడే పంపుల మేస్త్రి గోవింద్‌కి సూపించాను. స్క్రూ దానంతట అదే ఎనక్కి తిరిగిపోనాదట. ముందుకి తిప్పించీసాను. పనిలో పనిగా ఇంకో అర సుట్టు ఎక్కువే ఎయ్యమన్నాను. ఇప్పుడు సూడాలి నువ్వు!"

నేను పెట్టినదానికంటే ఇంకో అర చుట్టు. నేను ముట్టుకోకుండా ఉంటే ఆయన గోవింద్ దగ్గరకి వెళ్లేవాడే కాదు.



జూలై 2, బుధవారం

పదీ పదికి ఎత్తాడు. నేను అడక్కుండానే చెప్పాడు.

"పొద్దున్న స్టార్టు సేస్తే నీలం పొగ వస్తన్నాది రా. రెండ్రోజుల్లో లీటరు ఆయిలు తాగీసినాది. ఏటంటావు?"

సీలు. మొదలైపోయింది.

"బావా, రేపు బండి తియ్యకు."

"అదెలాగ రా? రేపు బడికి తనిఖీ ఉన్నాది, మేడంగార్లు ఎనిమిదింటికల్లా పైన ఉండాలి. ఎల్లుండి నానే తెస్తాను. ఏం, ఏటైనా పెద్దదా?"

అప్పుడు చెప్పాలి. ఆయనే అడిగాడు. తలుపు బార్లా తీసి రమ్మన్నట్టు అడిగాడు.

"అబ్బే," అన్నాను.

అబ్బే అన్నాను.

మధ్యాహ్నం షెడ్డు తలుపులు దగ్గరకి వేసి, గురువుగారి చిన్నముక్క తీశాను. అది ఆ టర్బో మూతికి బిర్రుగా సరిపోతుంది. ఆ సైజనే కదా ఆ టర్బో కొన్నాను. గాలి అందకపోతే ఏ ఇంజినైనా చస్తుంది. తన ఆయిలు తానే తాగుతున్నదైనా సరే. ముక్క వెనక విరిగిన సుత్తి కర్ర పెట్టి రెండు మేకులు కొట్టాను, చెయ్యి లోపలికి పోకుండా పొడవడానికి. గురువుగారి వస్తువుకి మేకులు కొడుతుంటే కళ్లంట నీళ్లొచ్చాయి.

రేపు మొదటి బస్సుకి వెళతాను. బండి ఆపేస్తాను. ముక్క ఊరికే, ఉంటే మంచిదని.

జూలై 4, శుక్రవారం

కుడిచేతికి కట్టు. ఎడంచేత్తో రాస్తున్నాను. నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

నేను వెళ్లేసరికి ఆరుంబావు. వాన జల్లు. బావ అద్దం తుడుస్తున్నాడు. టీచరమ్మలు ఐదుగురూ అప్పటికే ఎక్కి కూర్చున్నారు, తనిఖీ అని పట్టుచీరలు కట్టుకుని, ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని. బండి ఆపుతానని రాసుకున్నాను కదా. నోరు తెరిచాను.

"నాకూ పైన పనున్నాది బావా. వస్తాను."

వచ్చిన మాట అది.

ముందు సీట్లో ఉన్న లెక్కల టీచరు యమున మేడం లేచి వెనక్కి సర్దుకుని నాకు చోటిచ్చింది. బయలుదేరేముందు బానెట్ ఎత్తి చూస్తున్నట్టు నటించి, గాలి గొట్టం క్లిప్పు వదులు చేశాను, ఒక్క లాగుకి ఊడి వచ్చేట్టు. బానెట్ కొక్కెం పూర్తిగా పడకుండా వేశాను. సంచి ఒళ్లో పెట్టుకున్నాను. "బావా, ఏదైనా అయితే క్లచ్ తొక్కకు," అన్నాను. "ఏటవుతాది?" అన్నాడు నవ్వుతూ.

ఈల వినబడుతూనే ఉంది. ఈల కాదది, ఇనుము మీద ఇనుము గీస్తున్న చప్పుడు. ఒకటో మలుపు దాటాం. రెండు దాటాం. వెనక టీచరమ్మలు పిల్లల హాజరు గురించి మాట్లాడుకుంటున్నారు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. మూడో మలుపు ఎక్కుతుండగా ఈల ఆగిపోయింది.

ఒక్క క్షణం అంతా నిశ్శబ్దంగా అనిపించింది. తరవాత ఇంజిను దానంతటదే లేచింది.

"కాలు తీసీసినాను రా! రేజు మీంచి కాలు తీసీసినాను!" అని అరిచాడు బావ. భయంలో క్లచ్ తొక్కేశాడు. ఎవడైనా తొక్కుతాడు. బరువు వదిలిపోయి ఇంజిను కేక పెట్టింది. వెనకంతా తెల్లటి పొగ, రోడ్డు కనబడలేదు. బావ తాళం తిప్పేశాడు, తాళంచెవి చేతిలోకి వచ్చేసింది. ఇంజిను ఇంకా పెరుగుతూనే ఉంది.

"దిగండమ్మా! దిగండి! టైర్ల ఎనక రాళ్లెట్టండి!"

ఐదుగురూ పట్టుచీరలతో బురదలో దూకారు. బావ దిగలేడు. బ్రేకుమీంచి కాలు తీస్తే బండి వెనక్కి లోయలోకి పోతుంది. నేను ముందుకెళ్లి బానెట్ ఎత్తాను. ఎత్తాక బావ ముఖం కనబడలేదు. ఆ శబ్దం ఇరవై ఏళ్ల వయసులో విన్నదే. గురువుగారి గొంతు వినబడింది, పరిగెత్తండర్రా అని. పరిగెత్తాలనిపించింది. అందరికంటే ముందు, కొండ కిందిదాకా. రెండడుగులు వెనక్కి వేశాను కూడా. ఎవరూ చూడలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు అద్దం వెనకనుంచి బావ కేకవేశాడు. "ఒరే ఉమాపతీ, నువ్వైనా దూరం ఎల్లిపో రా! మీ అక్కకి నువ్వైనా ఉండాల!"

గొట్టం లాగేశాను. చెయ్యి దేనికో అతుక్కుని చర్మం ఊడింది. చిన్నముక్క మూతిలో పెట్టి రెండుచేతులతో తోశాను. ఇంజిను ఆ ముక్కని నా చేతుల్లోంచి లాక్కున్నట్టు పీల్చుకుంది. ఇంజిను ఒకసారి దగ్గింది, బండంతా ఊగింది, చచ్చింది.

వాన చప్పుడు వినబడింది.

ఆ తరవాత బావ దిగి వచ్చి, నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టీచరమ్మల్లో పెద్దావిడ నా కాళ్లకి దండం పెట్టబోతే వెనక్కి తగ్గాను. దేవుడిలా వచ్చారు మేస్త్రిగారూ, ఈరోజే రావాలని మీకెవరు చెప్పారు, అంటున్నారు. బావ నీళ్ల సీసా తెచ్చి నా చేతిమీద సన్నగా పోస్తున్నాడు.

యమున మేడం బానెట్ దగ్గర నిలబడి ముక్కవంకే చూస్తోంది.

"ఇదేంటండీ?" అంది.

నాకంటే ముందు బావే చెప్పాడు. "అది మేస్త్రీల కొలత ముక్క మేడంగారూ. ఆళ్ల గురువుది. ఎప్పుడూ సంచిలో ఉంటాది."

నేను ఒక్కమాట అనక్కర్లేదు. తల ఊపితే చాలు.

ఆవిడ వంగి చూసింది. "కొలవడానికైతే పిడి ఎందుకండీ? మేకులు కొత్తవి. నిన్నో మొన్నో కొట్టినట్టున్నారు."

బావ నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఇంకా అర్థం కాలేదు ఆయనకి. ఆయనకి అర్థం కాకపోవడమే నేను తట్టుకోలేకపోయాను.

"నాకు తెలుసు బావా," అన్నాను. "సైజు తప్పు. పదమూడు రోజులబట్టి తెలుసు. బండి ఇలగవుతాదని తెలిసే ఎక్కాను. స్క్రూ ఎనక్కి తిప్పిందీ నానే. అన్నప్రాశనలో నువ్వన్న మాటకి భయపడి సెప్పనేదు."

బావ నావంక చూశాడు, టీచరమ్మలవంక చూశాడు, టైర్ల వెనక వాళ్లు పెట్టిన రాళ్లవంక చూశాడు. సీసా మూత బిగించాడు. నా పక్కన నేలమీద పెట్టి, వెళ్లి డ్రైవరు సీట్లో తలుపేసుకుని కూర్చున్నాడు.

జూలై 6, ఆదివారం

అక్క ఫోను చేసింది. "ఎందుకు రా తమ్ముడూ?" అంది. అంతే అడిగింది. నేను ఏడుస్తుంటే వింటూ ఉంది, పెట్టెయ్యలేదు.

జూలై 9, బుధవారం

పది. ఇవాళ కూడా చెయ్యి ఫోనుమీదకి పోయింది. బండి నడవట్లేదని గుర్తొచ్చింది.

జూలై 13, ఆదివారం

బావ వచ్చాడు. కారుని ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చాడు. నావంక చూడలేదు. భాగ్యవతి మంచినీళ్లిస్తే తాగలేదు. వేరే మేస్త్రి దగ్గరకి ఎందుకు తీసుకెళ్లలేదో నేను అడగలేదు. బల్ల దగ్గర ఝాన్సీ ఉంది. దానితోనే మాట్లాడాడు, నేను అక్కడ లేనట్టు.

"లెక్క నువ్వు కట్టమ్మా. స్పీడుతో సహా. బిగించడం మీ నాన్న బిగిస్తాడు, ఆ సేతికి పని వచ్చును. పని రాకపోడం కాదు ఆడి రోగం."

"సరే మావయ్యా."

"టీచరమ్మలు ఇంకో బండి మాటాడుకున్నారు. ఆ లెక్కల మేడం ఒక్కర్తీ, మళ్లీ మీ బండే ఎక్కుతాను గానీ ఒక షరతు అన్నాది. మొదటి వారమంతా ముందు సీట్లో మేస్త్రి కూకోవాల. ఎక్కేముందు సంచి ఇప్పి సూపించాల. అందులో ఏ ముక్కా ఉండకూడదు."

అప్పుడు నావైపు తిరిగాడు. "ఇన్నావా?"

విన్నానన్నాను.

జూలై 20, ఆదివారం

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది గానీ, పని అయింది. ఇంజిను విప్పి అంతా కడిగాను. ఝాన్సీ మూడు టర్బోల పటాలు తీసి, మూడింటిమీదా చుక్క పెట్టి, ఒకదానిలో చుక్క సరిగ్గా కొండ నడిమధ్య పడిందని చూపించింది. దాన్నే తెచ్చాను. తీరా బిగించేముందు చూస్తే, దాని మూతిలో గురువుగారి నడిపిముక్క బిర్రుగా దిగింది. ముక్కలది తప్పు కాదు. ఏ బండికి ఏ ముక్క అని అడగాల్సింది నేను.

సాయంత్రం బావ రామభద్రపురం దాకా నడిపి వచ్చాడు. కావలించుకోలేదు. ఈల లేదని మాత్రం చెప్పాడు, ఝాన్సీకి.

రేపు ఆరున్నరకి సాలూరులో ఉండాలి. లెక్క సరిగ్గా ఉంది. రెండుసార్లు కట్టించాను. సీలు కొత్తది. స్క్రూ ఎంతవరకు తిప్పాలో ఎర్రరంగుతో గీత పెట్టాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడో మలుపు ఒక్కటే కళ్లముందునుంచి పోవట్లేదు.

సంచి మేకుకి తగిలించి ఉంది. నడిపిముక్క బల్లమీద ఉంది. ఇది రాస్తూ మూడుసార్లు లేచి వెళ్లి చూశాను. సంచి ఖాళీగానే ఉంది. ఇప్పటిదాకా ఖాళీగానే ఉంది.